ఆర్‌బీ1 మార్పు "లేదు" అన్న రిపోర్టును ఎప్పుడు నమ్మవచ్చు? ఊపిరితిత్తి న్యూరోఎండోక్రైన్ గడ్డ: ఒక కేస్ స్టడీ

పేషెంటు 54 ఏళ్ల మహిళ. పొగతాగే అలవాటు ఎన్నడూ లేదు. ఐదు నెలలుగా దగ్గు, రెండుసార్లు కఫంలో రక్తపు చారలు. సీటీలో కుడి ఊపిరితిత్తి కింది లోబ్ బ్రాంకస్‌ను ఆనుకుని 3.4 సెం.మీ. గడ్డ, కాలేయంలో ఐదు మచ్చలు కనిపించాయి. మచ్చల్లో పెద్దది 2.6 సెం.మీ. బ్రాంకోస్కోపీలో నాలుగు చిన్న ముక్కలు తీశారు. మొదటి పాథాలజీ రిపోర్టు "స్మాల్ సెల్ కార్సినోమా వైపు మొగ్గు" అంది. అది వేగంగా పెరిగే ఊపిరితిత్తి న్యూరోఎండోక్రైన్ (హార్మోన్లు తయారుచేసే తరహా కణాల) క్యాన్సర్. అదే బ్లాకు (ముక్కల్ని మైనంలో పెట్టిన దిమ్మ) మీద చేసిన 50 జీన్ల చిన్న ప్యానెల్‌లో, కణాల విభజనను అదుపుచేసే టీపీ53 జీన్‌లో మార్పు ఒకటి 3 శాతం దగ్గర దొరికింది. అలాంటి పనే చేసే ఆర్‌బీ1 జీన్‌లో మార్పు లేదని రాశారు. కీమో మందులు సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ మొదలుపెట్టే తేదీ కూడా ఖరారైంది.

ఆ రిపోర్టులో "ఉంది" అన్న టీపీ53 నిజానికి లేదు. "లేదు" అన్న ఆర్‌బీ1 మాట చివరికి నిజమే అని తేలింది. అయితే ఆ మాట అనడానికి ఆ పరీక్ష దగ్గర ఆధారం లేదు. ఈ రెండింటినీ ఎలా విడదీశామన్నదే ఈ కేసులో అసలు విషయం.

కీమోకు ముందు ఆగడానికి కారణాలు

ట్యూమర్ బోర్డులో (కేసును కలిసి చర్చించే డాక్టర్ల బృందంలో) సందేహం జీన్ల దగ్గర మొదలవలేదు. మూడు మామూలు విషయాలు స్మాల్ సెల్‌తో పొసగలేదు. ఒకటి, పొగతాగని మనిషి. పొగతాగనివారిలో స్మాల్ సెల్ రాదని కాదు, కానీ అరుదు. రెండు, టీటీఎఫ్-1 అనే స్టెయిన్ నెగెటివ్. స్మాల్ సెల్‌లో ఎక్కువ శాతం కేసులు పాజిటివ్‌గా ఉంటాయి.

మూడోది అన్నిటికన్నా బలమైనది. వేరే కారణంతో ఎనిమిది నెలల కిందట తీసిన సీటీలో అదే చోట 2.9 సెం.మీ. నీడ ఉంది. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 3.4ను 2.9తో భాగించి ఘనం చేస్తే 1.61 వస్తుంది. అంటే ఎనిమిది నెలల్లో ఘనపరిమాణం 61 శాతమే పెరిగింది, రెట్టింపు కావడానికి సుమారు 350 రోజులు పడుతుంది. స్మాల్ సెల్ కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో రెట్టింపవుతుంది. పాత సీటీ ఉంటే ఈ లెక్క రెండు నిమిషాల పని. ఏ జీన్ ప్యానెల్ కన్నా ముందు దీన్ని చేయాలి.

నలిగిన ముక్కలు

బ్రాంకస్ బయాప్సీలో ఫోర్సెప్స్ ఒత్తిడికి కేంద్రకాలు నలిగి, నీలి దారాల్లా సాగిపోయాయి. ఇలా నలగడం స్మాల్ సెల్‌లో ఎక్కువ కాబట్టి, నలిగిన నీలి కణాలు కనబడగానే చూపు అటే పోతుంది. కానీ కార్సినాయిడ్ (నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ గడ్డ) కణాలు కూడా అంతే సులువుగా నలుగుతాయి. లింఫోసైట్లూ నలుగుతాయి. సినాప్టోఫైసిన్, సీడీ56, ఐఎన్‌ఎస్‌ఎమ్1 స్టెయిన్లు పాజిటివ్ వచ్చినంత మాత్రాన గ్రేడ్ తెలియదు. గడ్డ న్యూరోఎండోక్రైన్ అని మాత్రమే అవి చెబుతాయి.

మొదటి రిపోర్టులో కేఐ-67 (విభజన చెందుతున్న కణాల శాతం చూపే స్టెయిన్) చేయలేదు. ఈ కేసులో జరిగిన పెద్ద లోపం అదే. చిన్న బయాప్సీలో కార్సినాయిడ్‌ను హై గ్రేడ్ గడ్డల నుంచి విడదీయడానికి ఇంత చవకగా, ఇంత వేగంగా పనిచేసే స్టెయిన్ ఇంకొకటి లేదు. స్మాల్ సెల్‌లో కేఐ-67 సాధారణంగా 50 శాతం దాటుతుంది, చాలా కేసుల్లో 80 పైనే ఉంటుంది. తర్వాత అదే బ్లాకు మీద ఈ స్టెయిన్ చేసి, నలగని గూళ్లలో 500 కణాలు లెక్కిస్తే 90 పాజిటివ్, అంటే 18 శాతం వచ్చింది. నలిగిన ప్రాంతాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అక్కడ రంగు పట్టిన కేంద్రకం గడ్డదో లింఫోసైట్‌దో చెప్పలేం.

మైటోసిస్ (రెండుగా విడిపోతూ కనిపించే కణాలు) లెక్క ఈ ముక్కల్లో కుదరలేదు. డబ్ల్యూహెచ్‌ఓ 2021 వర్గీకరణ ప్రకారం 2 చదరపు మి.మీ. వైశాల్యంలో రెండు కన్నా తక్కువ మైటోసిస్‌లు ఉండి నెక్రోసిస్ (చచ్చిన కణజాలం) లేకపోతే టిపికల్ కార్సినాయిడ్. రెండు నుంచి పది ఉన్నా, చుక్కల్లాంటి నెక్రోసిస్ ఉన్నా ఎటిపికల్. పది దాటితే లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా లేదా స్మాల్ సెల్. ఆ రెండింటిని విడదీసేది కణాల తీరు. నాలుగు నలిగిన ముక్కలు కలిపినా ఆ వైశాల్యం రాలేదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "పది హై పవర్ ఫీల్డులు" అంటే 2 చదరపు మి.మీ. అనుకుంటారు. ఫీల్డ్ నంబర్ 22 ఉన్న ఐపీస్‌తో 40 రెట్ల ఆబ్జెక్టివ్ వాడితే ఫీల్డు వ్యాసం 0.55 మి.మీ., వైశాల్యం 0.238 చదరపు మి.మీ. అంటే 8.4 ఫీల్డులకే లెక్క సరిపోతుంది. పది ఫీల్డులు లెక్కిస్తే సంఖ్య 19 శాతం దాకా పెరిగిపోతుంది. కటాఫ్ రెండు దగ్గర ఉన్నప్పుడు ఇది చిన్న తేడా కాదు.

3 శాతం టీపీ53

మొదటి ప్యానెల్ రిపోర్టును మళ్లీ చదవడానికి ల్యాబ్ నుంచి మూడు అంకెలు అడిగి తెప్పించారు: గడ్డ కణాల వాటా 20 శాతం, వాడిన డీఎన్‌ఏ 8 నానోగ్రాములు, టీపీ53 మార్పు వీఏఎఫ్ 3.1 శాతం. ఒక స్థానంలో చదివిన ముక్కల్లో మార్పు ఉన్నవి ఎంత శాతమో చెప్పేదే వీఏఎఫ్. ఇవి లేకుండా వచ్చిన రిపోర్టుకు అర్థం చెప్పడానికి ప్రయత్నించకపోవడమే మంచిది.

గడ్డ కణాలు 20 శాతం ఉన్నప్పుడు, వాటన్నిటిలో ఉన్న టీపీ53 మార్పు ఎంత వీఏఎఫ్ చూపాలి? ఒక ప్రతిలో మార్పు ఉండి రెండో ప్రతి మామూలుగా ఉంటే 10 శాతం. రెండో ప్రతి పోతే 0.2ను 1.8తో భాగించాలి, 11 శాతం వస్తుంది. రెండో ప్రతి పోయి, మార్పున్న ప్రతి రెట్టింపైతే 20 శాతం. స్మాల్ సెల్‌లో టీపీ53 రెండు ప్రతులూ దెబ్బతినడమే నియమం కాబట్టి 11 నుంచి 20 మధ్య ఉండాలి. 3.1 ఎక్కడా ఇమడదు.

రెండో ఆధారం డీఎన్‌ఏ మొత్తం. ఒక్కో హాప్లాయిడ్ జీనోమ్ బరువు 3.3 పికోగ్రాములు. 8 నానోగ్రాముల్లో సుమారు 2,400 ప్రతులు ఉంటాయి. ఫార్మలిన్‌లో నానిన డీఎన్‌ఏలో పీసీఆర్‌తో నకళ్లు తీయగలిగేవి పదో వంతే అనుకుంటే 240. అందులో 3 శాతం అంటే ఏడెనిమిది అణువులు. పీసీఆర్ ఎన్ని చక్రాలు తిప్పినా, లోతు (ఒక స్థానాన్ని ఎన్నిసార్లు చదివారన్న సంఖ్య) ఎన్ని వేలు చూపినా, అసలు సాక్షులు ఆ ఏడెనిమిదే. పైగా అది సీ స్థానంలో టీ వచ్చిన మార్పు. ఫార్మలిన్ వల్ల సైటోసిన్ అమైన్ సమూహాన్ని పోగొట్టుకుని యురాసిల్‌గా మారుతుంది. సీక్వెన్సర్ దాన్ని టీగా చదువుతుంది. యురాసిల్‌ను తీసేసే ఎంజైమ్ యురాసిల్ డీఎన్‌ఏ గ్లైకోసైలేజ్‌తో ముందు శుద్ధి చేసి అదే డీఎన్‌ఏను మళ్లీ నడిపితే ఆ మార్పు మాయమైంది. ఇమ్యునోలో (ప్రోటీన్లకు యాంటీబాడీతో రంగు వేసే పరీక్షలో) పీ53, అంటే టీపీ53 తయారుచేసే ప్రోటీన్, కూడా కొన్ని కేంద్రకాల్లో లేతగా, కొన్నింటిలో ముదురుగా, మామూలు తీరులోనే ఉంది.

రక్తకణాల క్లోన్ నుంచి వచ్చే టీపీ53 మార్పులు కూడా తక్కువ వీఏఎఫ్‌తో బయాప్సీలో కనిపిస్తాయి. ఇక్కడ రక్తం విడిగా చూశారు. అందులోనూ లేదు.

ఇక ఆర్‌బీ1 సంగతి. ఆ ప్యానెల్ ఆర్‌బీ1లోని 27 ఎక్సాన్లలో (ప్రోటీన్‌కు కోడ్ ఇచ్చే భాగాల్లో) కొన్ని హాట్‌స్పాట్‌లనే, అంటే మార్పులు తరచూ వచ్చే చోట్లనే చదువుతుంది. కానీ ఆర్‌బీ1 హాట్‌స్పాట్ల జీన్ కాదు. ఎక్కడ కత్తిరించినా పాడవుతుంది, మొత్తంగా పోయినా పాడవుతుంది. గడ్డ వాటా 20 శాతం ఉన్న నమూనాలో రెండు ప్రతులూ పూర్తిగా పోయినా ఆ చోటి కవరేజీ (చదివిన ముక్కల సంఖ్య) 100 నుంచి 80కి తగ్గుతుంది, అంతే. కవరేజీని మామూలుతో పోల్చి చెప్పే లాగ్2 నిష్పత్తిలో అది −0.32. ఆ ప్యానెల్ వాడిన యాంప్లికాన్ (ఎంచుకున్న చిన్న ముక్కల్నే పీసీఆర్‌తో పెంచే) పద్ధతిలో మామూలు ఊగిసలాటే అంత ఉంటుంది. అంచేత ఆ రిపోర్టులోని "ఆర్‌బీ1: మార్పు లేదు"కు "చూడలేదు" అన్న అర్థమే మిగులుతుంది.

కాలేయం నుంచి కొత్త నమూనా

18 గేజ్ సూదితో కాలేయపు పెద్ద మచ్చ నుంచి మూడు కోర్లు తీశారు. తీసిన పది నిమిషాల్లో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేసి, 14 గంటలు ఉంచారు. ఆరు గంటల కన్నా తక్కువైతే మధ్యభాగం సరిగా ఫిక్స్ కాదు, 48 దాటితే డీఎన్‌ఏ ముక్కలవడం పెరుగుతుంది. రెండు కోర్లు ఒక బ్లాకులో, మూడోది వేరే బ్లాకులో పెట్టారు. ఈ పద్ధతిని గట్టిగా సిఫారసు చేస్తాం. ఇమ్యునో కోసం బ్లాకును పదేపదే ట్రిమ్ చేస్తూ పోతే, మాలిక్యులర్ వంతు వచ్చేసరికి గడ్డే మిగలదు.

ఈసారి రూపం స్పష్టంగా ఉంది: ట్రాబెక్యులాలు, గూళ్లు, ఉప్పూ మిరియం చల్లినట్టుండే క్రోమాటిన్ (కేంద్రకంలోని డీఎన్‌ఏ పదార్థం), రెండు చోట్ల చుక్కల్లాంటి నెక్రోసిస్. స్టెయిన్లలో ఓటీపీ కేంద్రకాల్లో పాజిటివ్, సీడీఎక్స్2 నెగెటివ్. ఊపిరితిత్తి కార్సినాయిడ్‌కు ఓటీపీ మంచి గుర్తు. పేగు, పాంక్రియాస్ గడ్డల్లో అది సాధారణంగా ఉండదు. పాంక్రియాస్ సీటీలో మామూలుగానే ఉంది.

చిక్కంతా అంకెల్లో వచ్చింది. రంగు అన్నిటికన్నా ఎక్కువ పట్టిన చోట 2,000 కణాలకు 680 పాజిటివ్, అంటే కేఐ-67 34 శాతం. మైటోసిస్‌లు 2 చదరపు మి.మీ.కు 12. ఎటిపికల్ కార్సినాయిడ్ పది దగ్గర, కేఐ-67 ప్రకారమైతే 30 దగ్గర ఆగిపోవాలి. అంకెల్నే పట్టుకుంటే ఇది లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా. కణాల తీరు చూస్తే కార్సినాయిడ్. పాకిన చోట కార్సినాయిడ్ వేగం మూలస్థానం కన్నా పెరగడం కొత్త కాదు. 2021 వర్గీకరణ ఇలాంటివాటిని, అంటే మైటోసిస్‌లు గానీ కేఐ-67 గానీ పెరిగిన కార్సినాయిడ్లను గుర్తించింది. మాలిక్యులర్ పరీక్ష నిజంగా అవసరమయ్యేది ఇక్కడ.

2015లో 110 స్మాల్ సెల్ గడ్డల జీనోమ్‌లు చదివిన పరిశోధన, దాదాపు అన్నింటిలో టీపీ53, ఆర్‌బీ1 రెండూ పోయాయని చూపింది. 2016లో 45 లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ కేసుల అధ్యయనంలో 18 స్మాల్ సెల్‌ను పోలి ఉన్నాయి, 25 నాన్-స్మాల్ సెల్‌ను పోలి ఎస్‌టీకే11, కీప్1, కేరాస్ మార్పులు చూపాయి, 2 కార్సినాయిడ్‌ను పోలి ఎమ్‌ఈఎన్1 మార్పుతో ఉన్నాయి. కాబట్టి ఆర్‌బీ1 నిలిచి ఉందన్నంత మాత్రాన కార్సినాయిడ్ అనలేం. టీపీ53, ఎస్‌టీకే11, కీప్1 కూడా బాగుండాలి. ఎమ్‌ఈఎన్1, ఏఆర్‌ఐడీ1ఏ వంటి క్రోమాటిన్ జీన్లలో మార్పు కనిపిస్తే ఇంకా మంచిది.

సీక్వెన్సింగ్

5 మైక్రాన్ల సెక్షన్లు పది కోసి, మొదటిదాన్ని, చివరిదాన్ని హెచ్ అండ్ ఈ స్టెయిన్‌కు ఇచ్చి, గడ్డ ఉన్న ప్రాంతాన్ని గీసి గీకి తీశారు. కంటి అంచనా 80 శాతం. కాలేయంలో ఈ అంచనా తరచూ ఎక్కువ చెబుతుంది. కారణం, హెపటోసైట్లలో చాలావాటి కేంద్రకాల్లో డీఎన్‌ఏ మామూలుకు రెట్టింపు ఉంటుంది. తక్కువ కనిపించినా డీఎన్‌ఏలో వాటి వాటా ఎక్కువ. డీఎన్‌ఏ కొలిచే పరికరాల్లో క్యూబిట్‌లో 310 నానోగ్రాములు తేలింది. నానోడ్రాప్ దాదాపు రెట్టింపు చూపింది. ఫార్మలిన్ నమూనాకు నానోడ్రాప్ అంకె నమ్మి లైబ్రరీ చేస్తే సగం డీఎన్‌ఏతో చేసినట్టవుతుంది. 100 నానోగ్రాములతో, అణువుకో బార్‌కోడ్ పెట్టి, హైబ్రిడ్ క్యాప్చర్ (కావాల్సిన ముక్కల్ని పట్టి తీసే) పద్ధతిలో పెద్ద ప్యానెల్ నడిపారు. మధ్యస్థ లోతు 640.

ఎమ్‌ఈఎన్1లో ఫ్రేమ్‌షిఫ్ట్ (కోడ్ చదివే వరస తప్పించే మార్పు), వీఏఎఫ్ 54 శాతం. ఏఆర్‌ఐడీ1ఏలో నాన్‌సెన్స్ (ప్రోటీన్‌ను మధ్యలో ఆపేసే) మార్పు, 34 శాతం. 11వ క్రోమోజోమ్ పొడవు భుజం మొత్తంలో లాగ్2 నిష్పత్తి −0.60. టీపీ53, ఆర్‌బీ1, ఎస్‌టీకే11, కీప్1లో ఏమీ లేదు.

54 శాతం చూడగానే ఎవరికైనా తట్టేది వంశపారంపర్య మార్పు, అంటే ఎమ్‌ఈఎన్1 సిండ్రోమ్. పుట్టుకతో వచ్చిన మార్పు 50 దగ్గర ఉంటుంది కదా. కానీ 11వ క్రోమోజోమ్‌లో ఒక ప్రతి పోయిందని లాగ్2 చెబుతోంది. పుట్టుకతో వచ్చిన మార్పుండి, గడ్డలో మంచి ప్రతి పోతే, 70 శాతం గడ్డ వాటాకు వీఏఎఫ్ 1ని 1.3తో భాగించినంత, అంటే 77 శాతం రావాలి. గడ్డలోనే పుట్టిన మార్పైతే 0.7ను 1.3తో భాగించాలి, 54 శాతం. దొరికింది సరిగ్గా రెండోది. అయినా లెక్క మీద వదిలేయకుండా రక్తంలో జెర్మ్‌లైన్ పరీక్ష చేశారు. నెగెటివ్. ఊపిరితిత్తి కార్సినాయిడ్‌లో ఎమ్‌ఈఎన్1 మార్పు దొరికిన ప్రతిసారీ, కౌన్సెలింగ్‌తో సహా, ఈ అడుగు వేయాల్సిందే. ఫలితం ఒక కుటుంబం మొత్తానికి సంబంధించినది.

ఇప్పుడు మూడు అంకెల్నీ వెనక్కి లెక్కిద్దాం. ఎమ్‌ఈఎన్1 ప్రకారం గడ్డ వాటా 70 శాతం. ఏఆర్‌ఐడీ1ఏ ఒక ప్రతిలోనే ఉందనుకుంటే 68. లాగ్2 ప్రకారం 68. మూడు దారులూ ఒకే చోటికి వచ్చాయి. కంటి అంచనా 80 తప్పు.

టీపీ53, ఆర్‌బీ1 "లేదు" అన్న మాటకు బలం ఇచ్చేది ఈ ఏకీభావమే. నమూనాలో గడ్డ 70 శాతం దాకా ఉందని ఎమ్‌ఈఎన్1 రుజువు చేసింది. టీపీ53 రెండు ప్రతులూ దెబ్బతిని ఉంటే 54 శాతమో, అంతకు మించో కనబడి తీరాలి. ఆర్‌బీ1 రెండు ప్రతులూ ఎగిరిపోతే కవరేజీ 30 శాతానికి, అంటే లాగ్2 −1.74కి పడిపోవాలి. కొలిచింది −0.02. ఇవి ఊగిసలాటలో దాగే తేడాలు కావు. అదే నమూనాలో, అదే రన్‌లో దొరికిన ఒక నమ్మకమైన మార్పు లేకపోతే, నెగెటివ్ ఫలితం గడ్డ లేని ముక్కను చదివిందేమోనన్న అనుమానం ఎప్పటికీ తీరదు.

ప్యానెల్‌కు కనబడనిది

ఇంత చేసినా ఒక సందు మిగులుతుంది. ఆర్‌బీ1 కొన్నిసార్లు ఇంట్రాన్‌లో (ఎక్సాన్ల మధ్య భాగంలో) తెగి, మరో చోట అతుక్కుని పాడవుతుంది. ఎక్సాన్లే చదివే ప్యానెల్‌కు అది కనబడదు, కవరేజీ కూడా తగ్గదు. అందుకే ఆర్‌బీ ప్రోటీన్ ఇమ్యునో తప్పనిసరి. దాన్ని చదివేటప్పుడు ముందు రక్తనాళాల ఎండోథీలియం, లింఫోసైట్ల కేంద్రకాలు చూడాలి. వాటిలోనే రంగు లేకపోతే స్లైడు పనికిరాదు. బ్రాంకస్ ముక్కల్లోని నలిగిన ప్రాంతంలో సరిగ్గా ఇదే జరిగింది: గడ్డలోనూ రంగు లేదు, చుట్టుపక్కలా లేదు. దాన్ని "ఆర్‌బీ నష్టం" అని రాసి ఉంటే పెద్ద అనర్థమే. నెమ్మదిగా విభజన చెందే కణాల్లో ఆర్‌బీ సహజంగానే లేతగా పడుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. కాలేయం కోర్లలో ఆర్‌బీ గడ్డ కేంద్రకాల్లో నిలిచి ఉంది. పీ16 అనే మరో ప్రోటీన్ స్టెయిన్ అక్కడక్కడ మాత్రమే పట్టింది. ఆర్‌బీ పోయిన గడ్డల్లో పీ16 సాధారణంగా ముదురుగా, అంతటా పరుచుకుంటుంది.

ఇంకొక మినహాయింపు కూడా చూడాల్సి వచ్చింది. పొగతాగనివారిలో టీపీ53, ఆర్‌బీ1 రెండూ బాగానే ఉండి, 11 లేదా 12వ క్రోమోజోమ్ ముక్కలుముక్కలై మళ్లీ అతుక్కోవడం వల్ల వచ్చే అరుదైన స్మాల్ సెల్ ఉంది. అందులో సీసీఎన్‌డీ1 వంటి జీన్లు విపరీతంగా పెరిగి ఉంటాయి. ఈ పేషెంటు వివరాలకు అది సరిపోలుతుంది కాబట్టి వదిలేయలేం. సీసీఎన్‌డీ1, ఎమ్‌ఈఎన్1 రెండూ 11క్యూ13లోనే ఉంటాయి. కాపీ నంబర్ గ్రాఫ్‌లో ఆ భుజమంతా ఒకే మెట్టు కిందకు దిగి సాఫీగా ఉంది. ఎత్తుపల్లాలు లేవు, ఎక్కడా పెరుగుదల లేదు. కణాల తీరు కూడా స్మాల్ సెల్‌ది కాదు.

రిపోర్టులో రాసింది, ఆ తర్వాత

"కాలేయానికి పాకిన ఊపిరితిత్తి కార్సినాయిడ్, మైటోసిస్‌లు, కేఐ-67 పెరిగినది." దాని కిందే గడ్డ వాటా, దాన్ని ఏ మార్పు నుంచి లెక్కించారు, ఆర్‌బీ1 27 ఎక్సాన్లలో ప్రతిదాని లోతు రాశారు. మొదటి ఎక్సాన్‌లో జీ, సీలు ఎక్కువ కావడంతో లోతు 90కే పరిమితమైంది. ఆ సంగతి కూడా దాచకుండా రాశారు.

న్యూరోఎండోక్రైన్ గడ్డల్ని వెలిగించి చూపే గాలియం-68 డోటాటేట్ పెట్ స్కాన్‌లో ఊపిరితిత్తి గడ్డ, ఐదు కాలేయ మచ్చలు బలంగా వెలిగాయి. ఎటోపోసైడ్ ప్రణాళిక రద్దయింది. కేఐ-67 30 శాతం దాటినందున ట్యూమర్ బోర్డు కేప్‌టెమ్ (రెండు కీమో మందుల జోడీ) ఎంచుకుంది: 28 రోజుల చక్రంలో కేపెసిటాబిన్ చదరపు మీటరుకు 750 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 1 నుంచి 14వ రోజు దాకా, టెమోజోలమైడ్ చదరపు మీటరుకు రోజుకు 200 మి.గ్రా. 10 నుంచి 14వ రోజు దాకా. లుటీషియం-177 డోటాటేట్ అనే రేడియోధార్మిక మందును, ఎవెరోలిమస్ మాత్రను తర్వాతి దశకు ఉంచారు. తొమ్మిదో నెల సీటీలో మచ్చల మొత్తం కొలత కొంత తగ్గింది, కొత్తవి లేవు.

మూడో కోరు బ్లాకును కోయకుండా దాచారు. గడ్డ మళ్లీ పెరిగితే, పెరుగుతున్న చోటి నుంచే కొత్త బయాప్సీ తీసి, ముందుగా కేఐ-67, ఆర్‌బీ, పీ53 స్టెయిన్లు చేయాలని రిపోర్టులో రాసి ఉంది. కొత్త నమూనాలో ఎమ్‌ఈఎన్1 ఫ్రేమ్‌షిఫ్ట్ అదే స్థానంలో ఉంటే అది ఇదే గడ్డ, వీఏఎఫ్‌ను బట్టి దాని వాటా కూడా తెలుస్తుంది. అప్పుడు టీపీ53 కనబడినా, కనబడకపోయినా, పోల్చడానికి అంకెలు చేతిలో ఉంటాయి.